మత్తడి మీద ఇసుక బస్తాలు

"తియ్యొద్దన్నది నువ్వే గద బావా!"

"నేనా? తియ్యొద్దని కబురు పంపింది నువ్వు. నీ మాట కాదంటె బాగుండదని నేను ఊకున్న."

"నేను పంపిన్నా? ఎప్పుడు పంపిన? ఎవలతోటి పంపిన?"

వంటింటి గడప దగ్గర చిలుకమ్మ చాయ్ గ్లాసుల పళ్లెంతో ఆగిపోయింది. లోపలికి అడుగు వేయాలో, వెనక్కి తిరగాలో ఆమెకు తెలియలేదు. ముందుగదిలో తడిసిన పంచెతో నిలబడి అరుస్తున్నది వియ్యంకుడు రాజమల్లు. కుర్చీలోంచి సగం లేచి అరుస్తున్నది ఆమె మొగుడు సారంగపాణి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ సంగతి ఈ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు.

బయట వాన కుండపోతగా కురుస్తోంది. రేపటి సద్దుల బతుకమ్మ కోసం తెచ్చిన గునుగుపూలు, తంగేడుపూలు వసారాలో కుప్పగా పడి నానుతున్నాయి. వాటి వైపు చూడాలంటేనే ఆమెకు భయంగా ఉంది.

"చాయ్ తీసుకోండ్రి అన్నా," అంది పళ్లెం బల్ల మీద పెడుతూ.

"చాయ్ ఏడ దిగుతది చెల్లె? మా కాలనీ పక్క పొంటి వాగు చూసినవా? మూడు మెట్లెక్కింది. మత్తడి మీద బస్తాలు ఇంక ఎందుకున్నయని అడుగుదామని ఫస్ట్ బస్సుకు వచ్చిన. వస్తె మీ ఆయన నా మీదనే పెడ్తాండు."

సారంగపాణి బల్ల మీద చెయ్యి చరిచాడు. "పెట్టుడు కాదు బావా, ఉన్నదే అన్న!"

హన్మకొండ ఇటు నుంచి, వరంగల్ అటు నుంచి ఇళ్లు కట్టుకుంటూ వచ్చి ఒకదాని మొహం ఒకటి చూసుకునేంత దగ్గరయ్యాయి. నడుమ మిగిలింది గుండ్లవాగు ఒక్కటే. వాగుకు పైన గుండ్లచెరువు. వాగు మీద బస్సులు దాటే చప్టా. ఎండాకాలం వస్తే చెరువు నీళ్లు మాకంటే మాకని, వానాకాలం వస్తే వాగు నీళ్లు మీకంటే మీకని రెండు ఊళ్లూ కొట్లాడుకునేవి. చప్టా ఎత్తు పెంచే పని ఎవరిదో తేలక ఏళ్లు గడిచాయి.

చివరికి పెద్దమనుషులు కూర్చుని రెండూళ్ల కమిటీ ఒకటి పెట్టుకున్నారు. హన్మకొండ తరఫున సుబేదారి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేసే సారంగపాణి, వరంగల్ తరఫున బియ్యం దుకాణం రాజమల్లు. ఆ మీటింగుల్లోనే సారంగపాణి బిడ్డ సారలమ్మకూ, రాజమల్లు కొడుకు మల్లికార్జున్‌కూ పెళ్లి ఖాయమైంది. కమిటీ మొదలుపెట్టిన పనుల్లో పూర్తయింది ఆ పెళ్లి ఒక్కటేనని చిలుకమ్మ అందరితో నవ్వుతూ చెప్పేది.

ఆ కమిటీయే మొన్న ఎండాకాలం మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్పించింది. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతిగోడ మత్తడి. దాని మీద బస్తాలు వేస్తే మోకాలెత్తు నీళ్లు ఎక్కువ నిలుస్తాయి, రెండు ఊళ్లకూ తాగడానికి సరిపోతాయి. పెద్దవాన వచ్చేలోపు తీసెయ్యాలి. తీసేటప్పుడు మొదటి బస్తా మీద రెండు ఊళ్ల చెయ్యి పడాలి. వెనుకట ఒక ఊరివాళ్లు దొంగచాటుగా నీళ్లు వదిలి రెండో ఊరివాళ్ల మడులు ముంచారు. అప్పటి నుంచి పుట్టిన కట్టుబాటు అది. ఎవరూ దాటరు.

ఈ ఏడు వానలు వెనకబడ్డాయి. బతుకమ్మ పండుగ మొదలయ్యే పెత్రమాస లోపు బస్తాలు తీసేద్దామని ఇద్దరు వియ్యంకులూ అనుకున్నారు. అప్పుడే చిలుకమ్మ నోరు కదిపింది.

మొగుడితో ఇలా చెప్పింది: "రాజమల్లన్న కబురు పంపిండు. సద్దుల దాకా బస్తాలు ఉండనిద్దామంటాండు." వియ్యంకుడికి ఇలా చెప్పి పంపింది: "మా ఆయన సద్దుల దాకా ఉండనిద్దామంటాండు." వియ్యంకుడి మాట తీసెయ్యడం మర్యాద కాదని ఇద్దరూ సరేనన్నారు. మళ్లీ ఒకరినొకరు అడుక్కోలేదు. అడిగితే అవతలివాడిని నమ్మనట్టు అవుతుంది కదా. మగవాళ్లు వియ్యంకుడికి ఇచ్చిన మర్యాదలో సగం పెళ్లానికి ఇచ్చినా ఆమెకు ఆ అబద్ధంతో పని పడేది కాదు.

ఇంతకూ ఆమె కోరింది ఏమిటి? నిరుడు చెరువు నీళ్లు మెట్లకు చాలా కిందికి పోయాయి. ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని మోకాలి లోతు బురదలో దిగారు. ఒక ముసలమ్మ జారిపడి నడుము విరగ్గొట్టుకుంది. ఈసారి రెండు ఊళ్ల ఆడవాళ్లూ ఒక్కచోట ఆడతామని, నీళ్లు మెట్ల దాకా ఉంటాయని అందరికీ మాట ఇచ్చింది చిలుకమ్మే.

"పేరు చెప్పు బావా!" రాజమల్లు మళ్లీ గొంతు పెంచాడు. "నా పేరు మీద నీకు ఎవలు చెప్పిన్రో చెప్పు."

సారంగపాణి నోరు తెరిచి, భార్య వైపు చూశాడు. 

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. ఖాకీ చొక్కా ఒంటికి అంటుకుపోయి, జుట్టులోంచి నీళ్లు కారుతూ మల్లికార్జున్ వచ్చాడు. సిటీబస్సు డ్రైవరు అతను. 

"చప్టా మునిగింది మామా. రెండు దిక్కుల బండ్లు బంద్. నా బస్సు ఈ ఒడ్డునే ఆగిపోయింది."

"సార?" అంది చిలుకమ్మ.

అతను అత్తగారి వైపు చూడలేకపోయాడు. "పొద్దుగాల నేను డ్యూటీకి వచ్చేటప్పుడు నడుం నొస్తాందన్నది అత్తమ్మా. అమ్మ కషాయం కాసి ఇస్తాన్నది. నేను ఒక ట్రిప్పు కొట్టి వెనుకకు వస్తననుకున్న."

సారలమ్మకు నెలలు నిండాయి. సద్దులకు తల్లిగారింటికి వచ్చి, పురుడు పోసుకునే దాకా ఇక్కడే ఉండాలి. నిన్ననే తీసుకురావాల్సింది. వాన తెరిపి ఇవ్వలేదని ఒక్కరోజు ఆగారు. ఇప్పుడు ఆ పిల్ల వాగొడ్డు కాలనీలో, అత్త మొగిలమ్మతో, నొప్పులతో ఉంది. మధ్యలో వాగు.

చిలుకమ్మ గుమ్మం దాకా వెళ్లి వాన వైపు చూసింది.

సారంగపాణి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.  మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. అది ఇంకా భయపెట్టింది.

"నేను పొద్దుగాల కట్ట మీదికి పోయొచ్చిన బావా. నీళ్లు బస్తాల మీది నుంచి దుంకుతానయ్. కట్ట నడిమిట్ల కింది దిక్కు తడి ఊరుతాంది. నీళ్లు తేటగ వస్తె భయం లేకపోవు. బురదనీళ్లు వస్తానయ్."

రాజమల్లు కుర్చీలో కూలబడ్డాడు. చెరువు పక్కన పుట్టి పెరిగినవాడికి ఆ మాటకు అర్థం చెప్పనక్కర లేదు. కట్ట లోపల మట్టి కరుగుతోంది.

"బస్తాలు తీస్తె?" అన్నాడు మల్లికార్జున్.

"తీస్తె కట్ట మీద బరువు తగ్గుతది. తియ్యకపోతె కట్ట తెగుతది. తెగిందంటె మీ కాలనీ ఒక్కటి కాదు, మార్కెట్ దాకా ఇండ్లు మిగలయ్."

"తీస్తె మా కాలనీకి ఏమైతదో అది కూడ చెప్పు బావా," అన్నాడు రాజమల్లు నేల చూస్తూ.

 ఆ మోకాలెత్తు నీళ్లన్నీ ఒక్కసారి వాగులో పడితే ముందు తగిలేది వాగొడ్డు కాలనీకే. ఊరు పెరిగిందని సంబరపడి, వాగు పక్కన గజం భూమి వదలకుండా ఇళ్లు కట్టించింది కూడా ఈ పెద్దమనుషులే. అప్పుడు వాగు ఎండి ఉంది. పిల్లలు అందులో గోలీలు ఆడేవారు.

 చాయ్ మీద మీగడ కట్టింది.

చివరికి మల్లికార్జున్ అన్నాడు: "కాలనీల ఎవలింట్ల ఫోన్ లేదు. నేను కాజీపేట పోత. బస్సు ఈ ఒడ్డుననే ఉన్నది గద. ఆడ ఏ రైలు దొరికితె ఆ రైలెక్కి వరంగల్ల దిగుత. రైలు బ్రిడ్జి ఎత్తు మీదున్నది, దానికి ఫికర్ లేదు. స్టేషన్ల దిగి ఉరికితె కాలనీ ఎంతసేపు? అందరిని గుట్ట మీది బడికి తోల్త."

"మాకెట్ల ఎరుకైతది?" అన్నాడు సారంగపాణి.

"కాలనీ ఖాళీ అయినంక మత్తడి అవుతలి గట్టుకు వస్త. తువ్వాల ఊప్త. అది చూసి బస్తాలు తియ్యుండ్రి. నేను కనవడేదాక తియ్యకుండ్రి మామా."

"తియ్యం బిడ్డా," అన్నాడు సారంగపాణి. "పో."

అతను గడప దాటుతుంటే చిలుకమ్మ వెనకాలే వాకిట్లోకి పరుగెత్తింది. ఏదో చెప్పాలి. సారను ఎత్తుకుని పొమ్మనాలా, మంచం మీద మొయ్యమనాలా?  "పైలం అయ్యా," అంది. అతను తల ఊపి వానలో కలిసిపోయాడు.

గేటు దగ్గర గొడుగు ముడుస్తూ ఎస్తేరు ఎదురైంది. ఇంటి వెనక భాగంలో అద్దెకుండే ఆమె వరంగల్ వైపు ఒక దవాఖానలో నర్సు. బస్సు లేక వెనుతిరిగి వచ్చింది.

"ఇగో, ఎస్తేరమ్మ వచ్చింది!" రాజమల్లు గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, ఆనాడు దవాఖాన నుంచి పోతపోత మా ఇంటికొచ్చి చెప్పింది నువ్వే గద? బస్తాలు సద్దుల దాకా ఉండనిమ్మన్నరని?"

ఎస్తేరు ఆగింది. "చెప్పిన అన్నా."

"సారంగపాణి బావ చెప్పమన్నడా?"

ఎస్తేరు చిలుకమ్మ వైపు చూసింది. చిలుకమ్మ కళ్లు దించుకుంది. గొడుగులోంచి నీళ్లు బొట్లు బొట్లుగా గచ్చు మీద పడుతున్నాయి.

"నాకు ఏం చెప్పమన్నరో అదే చెప్పిన అన్నా," అంది ఎస్తేరు.

"ఎవలు చెప్పమన్నరంటాన!"

"బావా!" సారంగపాణి అడ్డం వచ్చాడు. "ఈ పంచాయితీ తర్వాత పెట్టుకుందాం. నడువు కట్ట మీదికి. చెరువు కావలి కట్టయ్యను, నలుగురు మనుషులను పారలు తెమ్మన్న."

ఇద్దరూ గోనెపట్టాలు నెత్తి మీద కప్పుకుని బయటికి నడిచారు. ఒకరి పక్కన ఒకరు నడవలేదు. ముందొకరు, వెనకొకరు.

వంటింట్లో ఎస్తేరు చిలుకమ్మ చెయ్యి పట్టుకుంది. 

"అక్కా, నాతోటి అబద్ధం కాదు. ఇంకోసారి అడిగితె చెప్తా."

"నేనే చెప్తా ఎస్తేరూ. సార బయటవడ్డదని తెల్వనీ, చెప్తా."

"బయటపడకపోతె?"

చిలుకమ్మ ఆ నోరు మూసెయ్యాలన్నట్టు చూసింది. ఎస్తేరు చెడ్డగా అనలేదు. ప్రసవాలు చూసిన మనిషి, అడగాల్సింది అడిగింది.

"తొలిచూలు గద అక్కా. నొప్పులు మొదలైనా టైం పడతది. కానీ నడిపించుడు కష్టం. ఎత్తుకపోవాలె."

"అల్లుడు ఎత్తుకపోతడు," అంది చిలుకమ్మ. తనకు తాను చెప్పుకుంటున్నట్టుగా మళ్లీ అంది. "ఎత్తుకపోతడు." కొంగు తల మీదికి లాక్కుని తనూ కట్ట వైపు బయలుదేరింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది.

*

కట్ట మీదికి ఎక్కగానే ఆమెకు మెట్లు కనిపించలేదు. బతుకమ్మలు వదిలే మెట్లు పదమూడు, అన్నీ నీళ్ల కిందికి పోయాయి. నీళ్లు మెట్ల దాకా రావాలని ఎంతమంది దేవుళ్లకు మొక్కిందో ఆమెకే తెలుసు. ఇప్పుడు అదే నీరు కట్ట అంచును నాకుతోంది.

మత్తడి దగ్గర చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినిపించడం లేదు. పేర్చిన బస్తాల మీది నుంచి ఎర్రనీళ్లు దూకుతున్నాయి. అవతలి గట్టు మీద సర్కారు తుమ్మలు వానలో ఊగుతున్నాయి. అక్కడ మనిషి జాడ లేదు. అందరూ అటే చూస్తున్నారు. కట్టయ్యా, ఇంకో నలుగురూ పారలు పట్టుకుని నిలబడ్డారు. మొదటి బస్తా మీద రెండు ఊళ్ల చెయ్యి పడేదాకా వాళ్లు ముట్టరు. చెరువు చూసుకునే ఓవర్సియరు పండక్కి ఊరికి పోయాడు. పైవాళ్లకు కబురు చేశారు, ఎవరూ రాలేదు.

చాలాసేపు అలాగే నిలబడ్డారు. అవతలి గట్టు మీద ఒకసారి ఏదో తెల్లగా కదిలింది. చిలుకమ్మ "అల్లుడు!" అని అరిచింది. అది కొంగ. ఎగిరి పోయింది.

"రైలు దొరికి ఉంటదా బావా?" అన్నాడు రాజమల్లు. పొద్దుటి నుంచి అతను కోపం లేకుండా అన్న మొదటి మాట అది.

"దొరికే ఉంటది. కాజీపేటల రైళ్లకేం తక్కువ?" అన్నాడు సారంగపాణి.

కట్ట నడుమ నుంచి ఒకడు అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. మాట వినబడకపోయినా చేతులు చూస్తే అర్థమైంది. సారంగపాణి వెళ్లి చూసి వచ్చాడు. వచ్చేటప్పుడు నడవలేదు, పరుగెత్తాడు. ఆ వయసులో అతను పరుగెత్తగా చిలుకమ్మ ఎప్పుడూ చూడలేదు.

"కట్ట జారింది. కింది దిక్కు ఒక పక్క మొత్తం కూలింది. ఇగ ఆగదు బావా. బస్తాలు తియ్యాలె."

"అవుతలి గట్టు మీద ఎవలు లేరు!" అన్నాడు రాజమల్లు.

"లేరు. అయినా తియ్యాలె."

"నా కొడుకుకు మాటిచ్చినవు బావా. కనవడేదాక తియ్యనన్నవు."

"ఇచ్చిన. కట్ట నాకు మాట ఇయ్యలేదు గద! చెయ్యి వెయ్యి."

రాజమల్లు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. చిన్నపిల్లవాడు చేసినట్టు చేశాడు. 

"వెయ్య. నా పెండ్లాం ఉన్నదాడ. నా కోడలు ఉన్నది, దాని కడుపుల నా మనుమడున్నడు. నా చేతులతోటి నేను నీళ్లు వదలాల్నా?"

"నీ కోడలు నాకు బిడ్డ కాదా?" సారంగపాణి అరిచాడు. "నాకు లేదా భయం? కట్ట తెగితె గుట్ట మీది బడి కూడ దక్కదు. గిప్పుడు తీస్తె నడుం లోతు నీళ్లు వస్తయి. మిద్దెలెక్కి ఆగొచ్చు. తెగితె మిద్దెలే ఉండయ్."

"అయితె నువ్వే తియ్యి! ఉంచమన్నోడివి నువ్వే తియ్యి! నా ఊరి చెయ్యి వడదు!"

"నేను ఉంచమన్లేదని ఎన్నిసార్లు చెప్పాలె?"

ఇద్దరూ మళ్లీ పొద్దుటి చోటికే వచ్చారు. ఎదురుగా చెరువు తెగుతుంటే నువ్వన్నావంటే నువ్వన్నావని. కట్టయ్య నోరు తెరిచి చూస్తున్నాడు. ఇక చిలుకమ్మ వల్ల కాలేదు.

"ఉంచమన్నది నేను."

వాన చప్పుడులో వాళ్లకు వినబడలేదు. ఆమె ఇద్దరి మధ్యకు వచ్చి గట్టిగా అరిచింది. "ఉంచమన్నది నేను! ఆయన అనలేదు, నువ్వు అనలేదు అన్నా. ఆయనకు నీ పేరు చెప్పిన. నీకు ఆయన పేరు చెప్పిచ్చిన. నేనే!"

ఇద్దరూ ఆమె వైపు చూశారు. సారంగపాణి చెయ్యి సగం లేచింది. అక్కడే ఆగి, పక్కకు వాలిపోయింది.

"ఎందుకు చెల్లె?" అన్నాడు రాజమల్లు. తిట్టినా బాగుండేది.

"బతుకమ్మలు బురదల వడొద్దని. రెండూళ్ల ఆడోళ్లం ఒక్కకాడ ఆడుకుందామని." ఆ మాటలు ఇప్పుడు నోట్లోంచి వస్తుంటే ఆమెకే సిగ్గేసింది.

"నాకు చెప్తె నేను కాదందునా?" అన్నాడు సారంగపాణి.

"చెప్పిన. పేపర్ చదువుకుంట విన్నవు. ఆడోళ్ల ఆటకు కమిటీ పని ఆపుతరా అన్నవు."

అతనికి గుర్తొచ్చిందో లేదో తెలియదు. మొహం తిప్పుకున్నాడు. కట్ట నడుమ నుంచి మళ్లీ అరుపు వినిపించింది. మట్టి పెళ్ల విరిగి కింద పడిన చప్పుడు అందరి కాళ్లకూ తెలిసింది.

చిలుకమ్మ కొంగు నడుముకు బిగించింది. కట్టయ్య భుజం మీది మోకు లాక్కుని నడుముకు చుట్టుకుని, రెండో కొస మొగుడి చేతిలో పెట్టింది.

"ఏం చేస్తానవే?"

"నేను వరంగల్ కోటల పుట్టిన. హన్మకొండల కాపురం చేస్తాన. నాకు రెండూళ్ల చేతులున్నయ్."

అతను వద్దనలేదు. మోకును చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు.

ఆమె మత్తడి అంచున రాళ్ల మీద దిగింది. నీళ్లు పిక్కలను కోసినట్టు లాగాయి. గట్టుకు ఆనుకుని ఉన్న మొదటి బస్తా ఎండాకాలం నుంచి నాని రాయైపోయింది. దాని చెవులు రెండూ పట్టుకుని లాగింది. కదల్లేదు. మళ్లీ లాగింది. కళ్ల ముందు సార కనిపించింది. మంచం మీద, నడుము పట్టుకుని, అమ్మా అంటోంది. అమ్మ ఏం చేస్తోందో ఆ పిల్లకు తెలియదు. చిలుకమ్మ చేతులు పట్టు వదిలేశాయి.

"నా తోని కాదు," అని ఏడ్చింది. "నా తోని కాదు దేవుడా."

పక్కన నీళ్లలో ఎవరో దిగారు. బస్తా మీద, ఆమె చేతుల పక్కన, ఇంకో చెయ్యి పడింది. ఆమె తల ఎత్తి చూడలేదు. రాజమల్లు కూడా ఆమె మొహం చూడలేదు.

"పట్టు చెల్లె," అన్నాడు.

ఇద్దరూ లాగారు. బస్తా బురదలోంచి ఊడినట్టు ఊడి, పక్కకు దొర్లి, నీళ్లలో పడిపోయింది. వెంటనే కట్టయ్య, మిగతావాళ్లు పారలతో, గడ్డపారలతో దిగారు. వాళ్లు తీసినవి కొన్నే. సందు దొరకగానే మిగిలిన బస్తాలను నీరే తోసుకుపోయింది. ఒకటి, దాని వెనక ఒకటి, ఆ తర్వాత వరస మొత్తం. చెరువు ఒక్కసారి ముందుకు ఒరిగినట్టైంది. మత్తడి కింద వాగు చప్పుడు మారింది. ఇప్పటిదాకా విన్న చప్పుడు కాదది.

సారంగపాణి మోకు లాగి భార్యను గట్టు మీదికి చేర్చాడు. ఆమె కూర్చుండిపోయింది. రాజమల్లు ఇంకా నీళ్ల అంచునే నిలబడి, వాగు నీళ్లు కాలనీ వైపు పోయే దారి చూస్తున్నాడు. కట్ట నడుమ ఉన్న మనిషి చెయ్యి ఊపాడు. ఊట తగ్గుతోందని సైగ చేశాడు. ఎవరూ సంతోషించలేదు.

చిలుకమ్మ అవతలి గట్టు వైపే చూస్తోంది. ఇప్పుడైనా తువ్వాల కనిపిస్తే చాలు. అంతా గుట్ట మీదికి చేరాం, సార బాగుంది అన్నట్టు అతను ఒక్కసారి ఊపితే చాలు. జీవితంలో ఇంక ఒక్క అబద్ధం ఆడదు. కళ్లు చిట్లించి, వానను తుడుచుకుని చూసింది. తుమ్మలు తప్ప ఏమీ లేవు.

"అత్తమ్మా! మామా!"

పిలుపు వెనక నుంచి వచ్చింది.

ఆమె తల తిప్పింది. కట్ట మీద, హన్మకొండ వైపు నుంచి, బురదలో జారుతూ, లేస్తూ మల్లికార్జున్ పరుగెత్తుకొస్తున్నాడు. ఖాకీ చొక్కా చిరిగింది. చేతిలో తువ్వాల ఉంది. అవతలి గట్టు మీద ఉండాల్సిన మనిషి ఇవతలి గట్టు మీద ఉన్నాడు.

"రైళ్లు బంద్ పెట్టిన్రు!" దూరం నుంచే అరుస్తున్నాడు. "రైలుపట్టా కింది మట్టి కొట్టుకపోయిందట. నడుచుకుంట పోతనంటె పోలీసోళ్లు ఎనుకకు తోలిన్రు. కాలనీల ఎవలకు ఎరుక లేదు మామా! సారకు ఎరుక లేదు! తియ్యకుండ్రని చెప్దామని ఉరికొచ్చిన. బస్తాలు తియ్యలేదు గద?"

 సారంగపాణి చేతిలోంచి మోకు జారి కింద పడింది. రాజమల్లు కొడుకు వైపు తిరగనే లేదు.

"తియ్యలేదు గద?" అని మళ్లీ అడిగాడు మల్లికార్జున్, ఈసారి మెల్లగా, అత్తగారి మొహంలోకి చూస్తూ. 

అతను అందరినీ పక్కకు నెట్టి మత్తడి అంచుకు వెళ్లి చూశాడు. అక్కడ ఒక్క బస్తా కూడా లేదు.